ఛాయాచిత్రంలో మేనిఛాయ

ప్రవేశిక

మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్లు చిత్రించడం చిత్రకారులకు తరతరాలుగా పరీక్షగానే నిలిచింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పని చాలావరకు కెమెరా పరమైంది. ఇరవై ఒకటో శతాబ్దంలో కెమెరా సెల్‌ఫోనులో చేరి సామాన్యుని చేతికి వచ్చింది. చిత్రాన్ని తీయడం ఎంత సులువైందో, తీసిన చిత్రంలోని రంగులను మార్చడమూ అంత సులువైంది. ముఖచిత్రంలో చర్మంపై అవాంఛిత వర్ణాలు ఎందుకు ఏర్పడతాయి, వాటిని ఏ క్రమంలో సవరిస్తారు, ఆ సవరణ ఎక్కడ ఆగాలి అనే విషయాలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'ఛాయ' అనే పదానికి నీడ, కాంతి, ప్రతిబింబం, రంగు అనే అర్థాలు ఉన్నాయి. ఛాయాచిత్రం అన్నప్పుడు ఆ పదం ప్రతిబింబాన్ని సూచిస్తుంది. మేనిఛాయ అన్నప్పుడు శరీరపు రంగును సూచిస్తుంది. ఛాయాచిత్రంలో మేనిఛాయను పరిశీలించేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. చిత్రంలో ముఖానికి కనిపించే రంగు అంతా ఆ మనిషిదే కాదు. కొంత మనిషిది, కొంత ఆ క్షణంలో మనిషిపై ప్రసరించిన వెలుగుది. వెలుగు తెచ్చిపెట్టిన ఈ రెండో రంగును ఆగంతుక వర్ణం అనవచ్చు. స్టూడియోలలో పనిచేసేవారు దీనిని 'కలర్ కాస్ట్' అంటారు. దీనిని గుర్తించి తొలగించి, మనిషి రంగును మనిషికి మిగల్చడమే వర్ణ సవరణ.

కన్ను చూసే తీరు - కెమెరా చూసే తీరు

ఒక తెల్లకాగితాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో చూసినా, రాత్రివేళ పాతకాలపు బల్బు వెలుగులో చూసినా, చెట్టునీడలో చూసినా అది తెల్లగానే తోస్తుంది. నిజానికి ఆ మూడు సందర్భాలలో కాగితం నుంచి కంటిని చేరే కాంతి ఒకటి కాదు. బల్బు వెలుగులో పసుపు, ఎరుపు పాళ్లు ఎక్కువ. నీడలో ఆకాశపు నీలం ఎక్కువ. అయినా కన్ను, మెదడు కలిసి పరిసరాల వెలుగును అంచనా కట్టి ఆ తేడాను మనకు తెలియకుండానే సర్దివేస్తాయి. ఈ శక్తిని శాస్త్రజ్ఞులు వర్ణ స్థిరత్వం అంటారు.

కెమెరాకు ఈ సహజశక్తి లేదు. తనపై పడిన కాంతిని అది పడినట్లే నమోదు చేస్తుంది. అందువల్ల దీపపు వెలుగులో తీసిన ముఖం పచ్చకామెర్లు సోకినట్లు పసుపుగాను, నీడలో తీసిన ముఖం చలికి బిగుసుకుపోయినట్లు నీలంగాను వస్తుంది.

వెలుగు స్వభావాన్ని కొలవడానికి వర్ణోష్ణత అనే ప్రమాణం ఉంది. దీనిని కెల్విన్‌లలో చెబుతారు. కొవ్వొత్తి వెలుగు దాదాపు 1900 కెల్విన్లు. తంతువు గల పాత బల్బు సుమారు 2800. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500. మబ్బు పట్టిన పగలు సుమారు 6500. నిర్మలాకాశం కింది నీడ 7000 దాటుతుంది. సంఖ్య తగ్గినకొద్దీ వెలుగు ఎరుపు, పసుపుల వైపు, పెరిగినకొద్దీ నీలం వైపు మొగ్గుతుంది.

ఆధునిక కెమెరాలు వెలుగును తామే అంచనా కట్టి రంగులను సరిచేసుకునే ప్రయత్నం చేస్తాయి. దీనినే ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారు. ఒక దృశ్యంలోని రంగులన్నింటినీ కలిపి సగటు తీస్తే బూడిదరంగు రావాలన్నది ఈ అంచనాకు ఉపయోగించే పాత సూత్రాలలో ఒకటి. ఆ సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. ఎర్రని పట్టుచీర కట్టిన పెళ్లికూతురు చిత్రమంతా నిండి ఉంటే, ఆ ఎరుపు చీరది అని కెమెరాకు తెలియదు. వెలుగే ఎర్రగా ఉందని భ్రమించి దానిని తగ్గిస్తుంది. చీర కళ తప్పుతుంది, దానితోపాటు పెళ్లికూతురి ముఖమూ పాలిపోతుంది.

ఆగంతుక వర్ణానికి మూలాలు

చర్మంపై పరాయి రంగు చేరడానికి ప్రధానంగా మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది వెలుగు మూలం. బల్బు పసుపును, నీడ నీలాన్ని తెస్తాయి. ట్యూబ్‌లైటు తరచుగా ఆకుపచ్చను తెస్తుంది. అందులోని పాదరసపు ఆవిరి ఆకుపచ్చ కాంతిని ప్రత్యేకంగా వెలువరించడమే ఇందుకు కారణం. చవకరకం ఎల్.ఇ.డి. దీపాలలోనూ ఈ దోషం కనిపిస్తుంది.

రెండవది పరిసరాల ప్రతిఫలనం. పచ్చిక మీద కూర్చున్నవారి గడ్డం కింద ఆకుపచ్చ చేరుతుంది. ఎర్రని షామియానా కింద నిలుచున్నవారి ముఖమంతా ఎరుపు పరుచుకుంటుంది. వేపచెట్టు ఆకుల గుండా దిగివచ్చే వెలుగులోనూ పచ్చదనం ఉంటుంది. రంగు వేసిన గోడ పక్కన నిలబడితే ఆ వైపు చెంప గోడ రంగును కొంత అరువు తెచ్చుకుంటుంది.

మూడవది మిశ్రమ కాంతి. ఒకవైపు కిటికీ నుంచి పగటి వెలుగు, మరొకవైపు గదిలోని బల్బు వెలుగు ఒకే ముఖంపై పడితే ఒక చెంప నీలంగా, మరొక చెంప పసుపుగా వస్తుంది. దోషాలన్నింటిలోకీ దీనిని సరిచేయడం కష్టం. ఒక చెంపకు చేసిన వైద్యం రెండో చెంపకు రోగమవుతుంది.

మూడు రంగుల లెక్క

ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతులను తగు పాళ్లలో కలిపి తక్కిన రంగులను పుట్టించవచ్చునని స్కాట్లాండు శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1861లో ఒక పట్టీముడి ఛాయాచిత్రంతో ప్రదర్శించి చూపాడు. నేటి డిజిటల్ చిత్రానికీ ఆ సూత్రమే ఆధారం. సాధారణ డిజిటల్ చిత్రంలోని ప్రతి బిందువుకు మూడు సంఖ్యలు ఉంటాయి. అవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను 0 నుంచి 255 వరకు తెలుపుతాయి. మూడూ సమానమైతే ఆ బిందువు తెలుపో, నలుపో, వాటి నడుమనుండే బూడిదరంగో అవుతుంది.

ఈ మూడింటికీ ప్రతివర్ణాలు ఉన్నాయి. ఎరుపుకు ప్రతివర్ణం నీలి ఆకుపచ్చ, అంటే సయాన్. ఆకుపచ్చకు ప్రతివర్ణం ముదురు గులాబి, అంటే మెజెంటా. నీలానికి ప్రతివర్ణం పసుపు. ఒక రంగు ఎక్కువైనప్పుడు దానిని తగ్గించడం, దాని ప్రతివర్ణాన్ని పెంచడం రెండూ ఒక్కటే. సవరణ విద్యకు ఈ జంటలే ఎక్కాల వంటివి.

ఒక ఉదాహరణతో ఈ లెక్కను పరిశీలించవచ్చు. దీపపు వెలుగులో ఒక విద్యార్థిని చిత్రం తీశారనుకుందాం. ఆమె చేతిలో ఛాయాగ్రాహకులు వాడే బూడిదరంగు అట్ట, అంటే గ్రే కార్డు ఉంది. చిత్రంలో ఆ అట్టపై కొలిస్తే ఎరుపు 150, ఆకుపచ్చ 120, నీలం 80 వచ్చాయి. అట్ట బూడిదరంగుది కనుక మూడూ సమానంగా ఉండాలి. ఆకుపచ్చను ఆధారంగా తీసుకుంటే ఎరుపును 0.8తోను, నీలాన్ని 1.5తోను గుణించాలి. అప్పుడు మూడూ 120 అవుతాయి. ఇప్పుడు అదే లెక్కను చెంపకు అన్వయించాలి. చెంపపై ముందున్న అంకెలు ఎరుపు 200, ఆకుపచ్చ 130, నీలం 66. గుణించిన తరువాత అవి 160, 130, 99 అవుతాయి. దీపం తెచ్చిన పసుపు తొలగి, ఆమె సహజమైన గోధుమవన్నె బయటపడుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అట్టపై మూడు సంఖ్యలనూ సమానం చేశారు గాని, చెంపపై సమానం చేయలేదు. చెంపపై కూడా సమానం చేస్తే ముఖం విభూతి పూసినట్లు నిర్జీవమవుతుంది. తటస్థమైన వస్తువును సాక్షిగా నిలిపి వెలుగు దోషాన్ని కొలవాలి. ఆ కొలతను ముఖానికి వర్తింపజేయాలి. ముఖాన్నే తటస్థం చేయరాదు.

చర్మవర్ణ స్వభావం

చర్మం రంగుకు రెండు పదార్థాలు ముఖ్య కారణాలు. చర్మంలోని మెలనిన్ అనే వర్ణద్రవ్యం గోధుమ, నలుపు వన్నెలనిస్తుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఎరుపునిస్తుంది. ప్రపంచంలోని మనుషులందరి చర్మంలోనూ ఉండేవి ఇవే. పాళ్లు మాత్రమే వేరు. అందువల్ల మామూలు వెలుగులో తీసిన చిత్రాలలో ఏ దేశపు మనిషి చర్మమైనా ఎరుపు, పసుపుల నడుమనున్న ఒక ఇరుకైన వర్ణశ్రేణిలోనే ఉంటుంది. ఎరుపు అంకె అన్నిటికన్నా ఎక్కువగాను, ఆకుపచ్చ దాని తరువాత, నీలం అన్నిటికన్నా తక్కువగాను ఉండడం సాధారణ లక్షణం.

టెలివిజన్, సినిమా రంగాలలో రంగులను కొలిచే వెక్టర్‌స్కోప్ అనే సాధనంలో ఎరుపు, పసుపుల మధ్య ఒక గీత ఉంటుంది. దానిని చర్మవర్ణ రేఖగా వాడతారు. తెల్లనివారి ముఖమైనా, నల్లనివారి ముఖమైనా దాదాపుగా ఆ రేఖ దగ్గరకే చేరుతుంది. మనుషుల మధ్య ప్రధానమైన తేడా వర్ణంలో కాదు, ఆ వర్ణపు వెలుగు పాలులో ఉంటుంది.

సవరణ విద్యకు కీలకం ఇదే. ఆగంతుక వర్ణం చర్మాన్ని ఆ రేఖ నుంచి పక్కకు లాగుతుంది. దానిని తిరిగి రేఖ మీదికి తేవడమే సవరించేవారి పని. చర్మం ఎంత తేటగా, ఎంత ముదురుగా ఉన్నదనేది ఆ మనిషి సొంత విషయం. దానిని మార్చవలసిన అవసరం రంగు సవరణలో లేదు.

సవరణ క్రమం

అనుభవజ్ఞులు సాధారణంగా ఈ క్రమాన్ని పాటిస్తారు.

మొదట, పనిచేసే చోటును సరిచేసుకోవాలి. కంప్యూటర్ తెర రంగులు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించుకోవాలి. గదిలో రంగుల దీపాలు, ముదురు రంగు తెరలు ఉండరాదు. వర్ణ స్థిరత్వం అనే వరం ఇక్కడ శాపమవుతుంది. పసుపు చేరిన చిత్రాన్ని పది నిమిషాలు చూస్తే కంటికి ఆ పసుపే మామూలుగా తోస్తుంది. అందుకే నడుమ నడుమ చూపు మరల్చి, సవరించిన చిత్రాన్ని మూల చిత్రంతో పోల్చి చూడాలి.

రెండవది, చిత్రంలో తటస్థమైన వస్తువును వెతకాలి. గ్రే కార్డు ఉంటే అదే ఉత్తమం. లేనప్పుడు తెల్లని బట్ట వైపు చూడడం వాడుక. నీలిమందు పెట్టి ఉతికిన పంచె నిజానికి తెలుపు కాదు. అందులో నీలం ఉంది. దానిని తెలుపుగా నమ్మితే ముఖానికి అక్కరలేని పసుపు చేరుతుంది. పళ్లు, కంటిలోని తెల్లభాగం కూడా పూర్తి తటస్థాలు కావు. కనుక ఒకే సాక్షిని నమ్మక రెండు మూడింటిని విచారించాలి.

మూడవది, చిత్రమంతటికీ వర్తించే సవరణ చేయాలి. దీనికి రెండు మీటలు ఉంటాయి. టెంపరేచర్ అనేది నీలం, పసుపుల మధ్య నడుస్తుంది. టింట్ అనేది ఆకుపచ్చ, మెజెంటాల మధ్య నడుస్తుంది. బల్బు దోషానికి మొదటిది, ట్యూబ్‌లైటు దోషానికి రెండవది ప్రధానంగా ఉపకరిస్తాయి. కెమెరా నమోదు చేసిన మూల సమాచారాన్ని యథాతథంగా దాచే 'రా' ఫైలులో ఈ సవరణకు అవకాశం ఎక్కువ. కుదించి దాచిన జేపెగ్ ఫైలులో కొంత సమాచారం ముందే పోయి ఉంటుంది కనుక ఎక్కువగా లాగితే రంగులు చిట్లుతాయి.

నాలుగవది, చర్మంపై అంకెలు చూడాలి. నుదురు, చెంప వంటి మామూలు చోట్లనే కొలవాలి. పెదవులు, చెమటకు మెరిసే ముక్కుకొన, రంగు పూసిన భాగాలు కొలతకు పనికిరావు. ఒక్క బిందువును గాక కొంత మేర సగటును తీసుకోవడం మంచిది.

ఐదవది, మిగిలిన దోషాన్ని స్థానికంగా సవరించాలి. గడ్డం కింది పచ్చదనానికో, ఒక చెంపపై నీలానికో ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని, అంచులు కనబడకుండా మెల్లగా ప్రతివర్ణాన్ని చేర్చాలి. ముఖం సరిచేసి మెడను, చేతులను మరిచిపోతే తల ఒకరిది, మొండెం మరొకరిది అన్నట్లు ఉంటుంది.

సవరణకు లొంగనివి, సవరించకూడనివి

కొన్ని దోషాలు సవరణకు లొంగవు. వీధులలో విరివిగా వాడిన పసుపుపచ్చని సోడియం దీపాలలో, ముఖ్యంగా అల్పపీడనపు రకంలో, దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతి ఉంటుంది. వేదికలపై వాడే నీలి దీపంలో ఎరుపు దాదాపు ఉండదు. చర్మంపై పడని కాంతి చర్మం నుంచి తిరిగి రాదు. కెమెరా నమోదు చేయని సమాచారాన్ని ఏ ఉపకరణమూ నిజంగా తిరిగి తేలేదు. ఊహించి పూరించగలదు అంతే. అటువంటి చిత్రాన్ని నలుపు తెలుపులలోకి మార్చడం నిజాయతీగల పరిష్కారం.

మరికొన్ని దోషాలలా కనిపించినా దోషాలు కావు. పెళ్లిలో నలుగు పెట్టినప్పుడు వధువు చెంపలపై ఉండే పసుపు వెలుగు తెచ్చినది కాదు. పెద్ద ముత్తైదువులు చేతులారా పూసినది. దానిని తొలగిస్తే ఆ శుభకార్యమే చిత్రం నుంచి తొలగిపోతుంది. సాయంసంధ్యలో గోదావరి గట్టున తీసిన చిత్రంలోని కెంజాయ, దీపావళి నాటి ప్రమిద వెలుగు కూడా అటువంటివే. ప్రతి రంగునూ కడిగివేయడం సవరణ అనిపించుకోదు. ఏ రంగు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకున్న తరువాతనే చేయి చేసుకోవాలి.

ప్రమాణం ఎవరిది?

ఫిల్ము కాలంలో రంగుల సరితూకానికి ఒక నమూనా చిత్రాన్ని వాడేవారు. అమెరికాలోని కోడాక్ సంస్థ 1950ల నుంచి ముద్రణ శాలలకు ఒక యువతి చిత్రాన్ని పంపేది. షర్లీ అనే ఉద్యోగిని పేరిట అవి షర్లీ కార్డులుగా ప్రసిద్ధి చెందాయి. ఆ నమూనాలోని యువతి తెల్లజాతి స్త్రీ. ఆమె ముఖం సరిగా వస్తే చిత్రమంతా సరిగా వచ్చినట్లు లెక్క. ఫలితంగా తెల్లవారు, నల్లవారు కలిసి కూర్చున్న చిత్రంలో నల్లవారి ముఖాలలోని రేఖలు, వన్నెలు చీకటిలో కలిసిపోయేవి.

కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఈ చరిత్రను విపులంగా చర్చించారు. చాక్లెట్లలోని ముదురు రకాల తేడాలు, కలప సామానులోని వన్నెలు చిత్రాలలో సరిగా రావడం లేదని ఆ వ్యాపారులు చేసిన ఫిర్యాదులు ఫిల్మును మెరుగుపరచడానికి తోడ్పడ్డాయని ఆ అధ్యయనం వెల్లడించింది. మనుషుల ముఖాల కోసం జరగవలసిన మార్పుకు బల్లలు, మిఠాయిలు కారణమయ్యాయన్నది ఆలోచించవలసిన విషయం. 1990లలో భిన్న వర్ణాల స్త్రీలున్న నమూనా కార్డులు వచ్చాయి. వేరొక పద్ధతిలో, 1976లో రూపొందిన 24 గడుల మాక్‌బెత్ వర్ణఫలకం మొదటి రెండు గడులనూ చర్మానికే కేటాయించింది: ఒకటి ముదురు చర్మం, ఒకటి లేత చర్మం.

డిజిటల్ యుగంలోనూ ఈ ప్రశ్న సమసిపోలేదు. గూగుల్ సంస్థ 2021లో తన ఫోను కెమెరాలలో ముదురు వర్ణాలను యథార్థంగా చూపే ఏర్పాట్లను ప్రకటించింది. 2022లో సామాజిక శాస్త్రవేత్త ఎల్లిస్ మంక్ రూపొందించిన పది ఛాయల చర్మవర్ణ సూచికను ప్రజలందరికీ అందుబాటులో ఉంచింది. యంత్రం తటస్థమే కావచ్చు, కాని యంత్రానికి ప్రమాణాన్ని ఇచ్చేది మనిషే అన్న సత్యం ఈ చరిత్రవల్ల బోధపడుతుంది.

సవరణ వేరు - మార్పిడి వేరు

మన దేశంలో ఈ సమస్యకు మరొక ముఖం ఉంది. అనేక ఫోనులలోని 'బ్యూటీ' ఏర్పాటు అడగకుండానే ముఖాన్ని తెల్లబరుస్తుంది. పెళ్లిసంబంధాలకు పంపే ఫోటోలో 'కొంచెం రంగు తేల్చండి' అని స్టూడియోవారిని కోరడమూ వింతకాదు. ఇది వర్ణ సవరణ కాదు, వర్ణ మార్పిడి. వెలుగు చాలక ముఖం చీకటిగా వచ్చినప్పుడు చిత్రమంతటికీ వెలుగు పెంచడం న్యాయమే. అప్పుడు గోడ, చీర, ముఖం అన్నీ ఒకే పాళ్లలో తేటపడతాయి. తక్కినవన్నీ యథాతథంగా ఉండగా చర్మాన్ని మాత్రమే తెల్లబరిస్తే అక్కడ దోషం వెలుగుది కాదు, చూసేవారి మనస్సుది.

తెలుపే అందమన్న భావన మన సాహిత్య సంప్రదాయానికి మూలస్వరం కాదు. రాముడు, కృష్ణుడు నీలమేఘశ్యాములు. భారత కథానాయిక ద్రౌపదికి మేనివన్నెను బట్టి 'కృష్ణ' అనే పేరు వచ్చింది. తెలుగులో చామనచాయ అనే చక్కని పదం ఉంది. నలుపుకూ తెలుపుకూ నడుమనున్న వన్నెను అది లోటుగా గాక, తనదైన ఒక ఛాయగా గుర్తిస్తుంది. నల్లని చర్మాన్ని హీనంగా చూపే ప్రకటనలు తగవని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 1975 నుంచి అమ్ముడవుతున్న ఒక ప్రసిద్ధ ముఖలేపనం 2020లో తన పేరులోని 'ఫెయిర్' అనే మాటను విడిచిపెట్టింది. ఈ మార్పు ఫోటోల దాకా రావడం ఇంకా మిగిలే ఉంది.

యథార్థ వర్ణం కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. పాస్‌పోర్టు ఫోటోలో చర్మం సహజవర్ణంలో ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. ఫోటో చూసి సలహా చెప్పే వైద్యునికి చర్మపు రంగే రోగలక్షణం. అప్పుడే పుట్టిన శిశువుల కామెర్లను ఫోను కెమెరాతో గుర్తించే పద్ధతిని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో వివరించారు. వారు శిశువు పొట్టపై ఒక రంగుల కార్డును ఉంచి చిత్రం తీశారు. గది వెలుగు తెచ్చిన పసుపును, కామెర్లు తెచ్చిన పసుపును వేరుచేయడానికి ఆ కార్డే సాక్షి. అక్కడ తప్పు సవరణ జరిగితే రోగం లేనిచోట భయం, ఉన్నచోట ఏమరుపాటు కలుగుతాయి.

ముఖచిత్రాన్ని సవరించేవారికి రెండు గుణాలు కావాలి. ఒకటి, వెలుగు చేసే మాయను గుర్తించే శాస్త్రజ్ఞానం. రెండు, ఎదుటి మనిషి రూపం పట్ల గౌరవం. మొదటిది లేకపోతే దోషం మిగిలిపోతుంది. రెండవది లేకపోతే మనిషే మిగలడు. వెలుగు తెచ్చిన రంగును వెలుగుకే తిరిగి ఇచ్చి, పుట్టుకతో వచ్చిన రంగును చెక్కుచెదరకుండా నిలిపిన చిత్రమే నిజమైన ముఖచిత్రం.

పదాలు - అర్థాలు

ఆగంతుకం = కొత్తగా వచ్చి చేరినది
ప్రతిఫలనం = కాంతి తగిలి తిరిగి రావడం
తటస్థం = ఏ పక్షానికీ మొగ్గనిది
మిశ్రమం = కలగలిసినది
కెంజాయ = ఎర్రని రంగు
నలుగు = ఒంటికి పూసే పిండి, పసుపుల లేపనం
చామనచాయ = నలుపు తెలుపుల నడిమి మేనివన్నె
యథార్థం = ఉన్నది ఉన్నట్టిది

ప్రశ్నలు

1. చర్మంపై ఆగంతుక వర్ణం ఏర్పడడానికి గల కారణాలను, దానిని సవరించే క్రమాన్ని వివరించండి. (వ్యాసరూపం)
2. వర్ణ సవరణకు, వర్ణ మార్పిడికి గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి. (వ్యాసరూపం)
3. వర్ణ స్థిరత్వం అంటే ఏమిటి? అది సవరించేవారికి ఎప్పుడు ఆటంకమవుతుంది? (సంగ్రహ సమాధానం)
4. గ్రే కార్డుపై మూడు అంకెలను సమానం చేసి, చెంపపై ఎందుకు సమానం చేయరు? (సంగ్రహ సమాధానం)
5. నీలిమందు పెట్టిన పంచెను తెలుపుకు సాక్షిగా ఎందుకు తీసుకోరాదు? (ఏకవాక్య సమాధానం)
6. నీలానికి ప్రతివర్ణం ఏది? (ఏకపద సమాధానం)